సీసాలో లేని చక్కెర

కాన్‌స్టాంటిన్,
మంగళవారం

నా బంగారు చెల్లీ నువారా,

ఈ మాట అలవాటుకొద్దీ రాసేశాను. కొట్టేద్దామనుకున్నాను గానీ చెయ్యి రాలేదు. ఫోన్ చేస్తే అరుస్తాను, నీ పక్కన మీ అత్తగారు చెవులు రిక్కించుకుని కూర్చుంటుంది. అందుకని ఖాళీ సీసాలతో పాటు ఈ ఉత్తరాన్ని మంచుపెట్టెలో పెట్టి టాక్సీ సలీంకి ఇస్తున్నాను. పెట్టె మూత తీసేది నువ్వే కాబట్టి ఇంకొకళ్ల కంట పడదు.

సూటిగా అడుగుతున్నాను. నాలుగు నెలలుగా నువ్వు పంపుతున్న పాలు ఎవరివి?

ఈ ఉత్తరానికి ముందు మూడు కాగితాలు చింపేశాను. నా ఉద్యోగమేమిటో నీకు తెలుసు, పసిపిల్లల దొడ్డి వెతికే ఉద్యోగం మా అక్కది అని పెళ్లిళ్లలో చెప్పి నలుగురినీ నవ్విస్తావు కదా. ఆ వెతుకులాటే కొంప ముంచింది. ఇలియాస్‌ని శిశుగృహం నుంచి తెచ్చుకున్నప్పుడు వాడికి రెండు నెలలు. డబ్బాపాలు తాగి తాగి పొట్ట డోలులా ఉండేది, ముట్టుకుంటే ఏడ్చేవాడు. వాడి దొడ్డి మా లాబ్‌కి తీసుకెళ్లి చూశాను. ఆ వయసు పిల్లల పేగుల్లో కిటకిటలాడాల్సిన మంచి సూక్ష్మజీవులు వెతికినా దొరకలేదు. పరవాలేదు, మా నువారా పాలు వస్తున్నాయి, అవే దారికి తెస్తాయి అని ధైర్యంగా ఉన్నాను.

నీకు ఎన్నోసార్లు చెప్పాను, ఇంకోసారి చెప్తాను, ఎందుకంటే ఈసారి నవ్వుతూ వినేది కాదు. తల్లిపాలలో కొన్ని చక్కెరలుంటాయి, అవి బిడ్డకి అరగవు. అరగనివాటిని తల్లి ఒళ్లు ఎందుకు తయారు చేస్తుందంటే, బిడ్డ పేగుల్లో కాపురం పెట్టిన ఆ మంచి జీవుల కోసం. అవి తిని బలిస్తే చెడ్డవాటికి చోటుండదు. మా ప్రొఫెసర్ గారు ప్రీబయోటిక్ అని పెద్ద పేరు చెప్తారు. అమ్మకి చెప్తే, అంటే బిడ్డకీ వండి, బిడ్డ కడుపులో దిగిన చుట్టాలకీ వండుతుందన్నమాట అంది. అంతకన్నా బాగా మా ప్రొఫెసర్ గారు కూడా చెప్పలేరు.

నీ పాలతో ఇలియాస్ తేరుకున్నాడు. ఏడుపు తగ్గింది, బుగ్గలొచ్చాయి. కానీ నెలలో నిండిపోవాల్సిన జీవులు నాలుగు నెలలైనా సగానికి రాలేదు. ఏమిటా అని నిన్న నీ సీసాలోంచి నాలుగు చుక్కలు తీసి మెషీన్‌లో పెట్టాను. ఒక్కో చక్కెరకి కాగితం మీద ఒక్కో గుట్ట లేస్తుంది. అన్నిటికన్నా ముందు ఎత్తుగా లేవాల్సిన గుట్ట లేవలేదు. ఆ చోట గీత చదునుగా పోయింది. అదేమంత వింత కాదు, పదిమంది ఆడవాళ్లలో ఇద్దరు ముగ్గురికి పాలలో ఆ చక్కెర ఉండదు. మిగతా చక్కెరలతో పిల్లలు బాగానే పెరుగుతారు, కాస్త ఆలస్యమవుతుంది, అంతే. కళ్ల రంగులాగా అది పుట్టుకతో వచ్చేది. ఉన్నవాళ్లకి ప్రతి కాన్పులోనూ ఉంటుంది, లేనివాళ్లకి ఎప్పుడూ ఉండదు.

అంతవరకూ నాకేమీ అనిపించలేదు. అప్పుడు గుర్తొచ్చింది. నీ పెద్దది సిరీన్ పుట్టినప్పుడు కూడా నీ పాలు పరీక్ష చేశాం కదా, మా ప్రొఫెసర్ గారు బాలింతల దగ్గర పాలు సేకరిస్తుంటే నేనే నీకు చిన్న సీసా పంపాను. ఏడేళ్ల నాటి కాగితం వెతికి తీశాను. నా చేతిరాతతోనే ఉంది, నువారా, సిరీన్ తల్లి అని. ఆ కాగితంలో మొదటి గుట్ట పైఅంచుని తాకేలా ఉంది! మళ్లీ చేశాను. వేరే రోజు సీసాతో చేశాను. ఫ్రీజర్‌లో అడుగున ఉన్న మొట్టమొదటి సీసా తీసి చేశాను. మూడింట్లోనూ లేదు. ఏడేళ్ల కిందట సిరీన్‌కి పాలిచ్చిన మనిషీ, ఇప్పుడు నా ఇలియాస్‌కి పాలు పంపుతున్న మనిషీ ఒకరు కాదు.

ఎందుకింత గోల చేస్తున్నానో నీకు వేరే చెప్పాలా? వాడిని ఇంటికి తెచ్చేముందు మా అత్తగారు నిలబెట్టి అడిగింది. పద్నాలుగేళ్లు పెంచుతావు, ఒక పొద్దున మీసం వస్తుంది, పరాయి మగాడి ముందు తల కప్పుకున్నట్టు వాడి ముందు తల కప్పుకుని కాఫీ ఇస్తావా అని. మన మతంలో పాలిచ్చినామె కూడా తల్లే కదా, నీ పాలు తాగితే వాడు నీ కొడుకు, నాకు చెల్లెలి కొడుకు. ఇంకెవరూ వాడిని నాకు పరాయి చెయ్యలేరు. ఆ ఒక్క మాట మీదే మా ఆయన మురాద్ శిశుగృహం కాగితాల మీద సంతకం పెట్టాడు, ఆ ఒక్క మాట మీదే నేను రాత్రిళ్లు కంటినిండా నిద్రపోతున్నాను. ఇప్పుడు వాడు ఎవరి కొడుకు? ఊరూ పేరూ తెలియని ఆడదాని పాలు నాలుగు నెలలు తాగాడు. ఆమె కూతుళ్లు వాడికి అక్కచెల్లెళ్లు. రేపు వాళ్లలో ఒకదాన్ని చూసి పెళ్లి చేసుకుంటానంటే నేనేం చెప్పాలి?

శిశుగృహం నుంచి వచ్చిన బిడ్డని మీ అత్తగారింట్లో ఏమంటారో నాకు తెలుసు. నీ కొడుకు అయ్యూబ్ తాగే పాలు వీడికా అని నీకే అసహ్యం వేసిందేమో. వాడు రొమ్ము పట్టలేదని నువ్వు చెప్పినప్పుడు, సీసాకి అలవాటు పడ్డవాడు కదా అని నమ్మాను. అసలు పట్టనిచ్చావా? ఇష్టం లేకపోతే లేదని చెప్పాల్సింది నువారా. ఎవరి దగ్గరో పట్టి, నీ పేరు రాసి పంపుతావా? నిజం రాయి. ఆమె పేరు రాయి, ఎంతమంది పిల్లలో రాయి.

ఇంకా నీ అక్కనే అయితే, నీ అక్క,
జులీఖా

*

స్కిక్డా,
శుక్రవారం

నా ప్రాణంలాంటి అక్కా,

నీ ఉత్తరం స్నానాలగదిలో గడియ పెట్టుకుని చదివాను. ఎవరి దగ్గరో పట్టి అన్న మాట దగ్గరికి వచ్చేసరికి చేతిలో సీసా జారి పగిలింది. మా అత్తగారు బయటినుంచి ఏం పగలగొట్టావే అని అడిగితే, ఏం లేదు, నా కొంపే అన్నాను. తర్వాత కోపం వచ్చింది. ఆ తర్వాత నీ మీద జాలి వేసింది, అందుకే ముందు జవాబు చెప్పేస్తాను.

ఆ పాలు నావి. దేవుడి సాక్షిగా ప్రతి చుక్కా నాది. పొద్దున్నే అయ్యూబ్‌కి ఒకవైపు ఇస్తూ రెండోవైపు ఇలియాస్‌కి తీస్తాను. మా అత్తగారు మొదట్లో సణిగింది, ఇప్పుడు తనే సీసాలు మరగబెట్టి ఇస్తోంది. ఇలియాస్ నా కొడుకే, నువ్వు వాడికి పెద్దమ్మవే. ఆ విషయంలో నిశ్చింతగా పడుకో. నీ కొత్త కాగితంలో తప్పు లేదక్కా. తప్పు పాత కాగితంలో ఉంది. ఏడేళ్ల కిందట నువ్వు పరీక్ష చేసిన పాలు నావి కావు.

దీన్ని నీకు చెప్పనని అమ్మకి మాటిచ్చాను. నువ్వు నన్ను దొంగని చేశాక ఆ మాట నిలబెట్టుకునే ఓపిక నాకు లేదు.

నీ బాబు యూనెస్ నెలలు నిండకుండా పుట్టి, ఆ గాజుపెట్టెలో తొమ్మిది రోజులుండి పోయాడు. వాడు పోయిన మూడోరోజున నాకు సిరీన్ పుట్టింది. ఇద్దరం అమ్మ ఇంట్లోనే ఉన్నాం, నువ్వు మేడ మీద, నేను కింద. నువ్వు తలుపేసుకుని ఉండేదానివి. పసిపిల్ల ఏడుపు వినిపిస్తోందని చెవుల్లో దూది పెట్టుకున్నావని అమ్మ చెప్పింది. అందుకే కింద ఏం జరిగిందో నీకు తెలియదు. నాకు పాలు పడలేదు. వారంలో రొమ్ము గడ్డ కట్టింది, జ్వరం, కోసి చీము తీశారు. రవ్వలో తేనె, వెన్న కలిపిన తమీనా ఎంత తినిపించినా, మెంతులు ఎంత తాగించినా చుక్క రాలేదు. డబ్బాపాలు పడితే సిరీన్‌కి నెత్తురు విరేచనాలు. చూడటానికొచ్చిన మా అత్తగారు పదిమందిలో, మా ఇంటికి ఎండిపోయిన కోడలొచ్చింది అంది. నా బిడ్డ నా చేతుల్లో తీగలా సన్నబడుతోంది. అప్పుడు నా వయసు ఇరవై మూడు.

మేడ మీద నీకేమో పాలు ఆగడం లేదు. అమ్మ రోజుకి ఐదారుసార్లు పైకొచ్చి, పిండకపోతే నీకూ గడ్డ కడుతుంది అని పిండేది, గుర్తుందా? పెరట్లో పారబోస్తున్నానని నీకు చెప్పేది. ఒకరోజు ఆ గిన్నె పట్టుకుని నా మంచం దగ్గరికి వచ్చింది. చెంచాతో సిరీన్ నోట్లో పోసింది. అక్కకి చెప్పమ్మా అన్నాను. అమ్మ నా వైపు చూడకుండానే అంది: "అది వింటే ఒప్పుకోదు. ఒప్పుకోకపోతే ఇది బతకదు. పాపం నా మెడకి చుట్టుకోనీ, నువ్వు నోరు మూసుకుని పిల్లని పట్టుకో."

నాలుగు రోజుల్లో నెత్తురు ఆగింది. పది రోజుల్లో చెంచా పెదవికి తగలగానే పిల్ల ఆత్రంగా నోరు తెరిచేది. రెండు నెలల పాటు సిరీన్ తాగింది నీ పాలే అక్కా, నీవి తప్ప ఇంకేమీ కాదు. నువ్వు నాగా లేకుండా ఉద్యోగానికి వెళ్లడం మొదలుపెట్టి, నా పాలు కావాలని ఆ చిన్న సీసా పంపినప్పుడు, నాకు భయం వేసింది. అమ్మ తాపీగా నీ గిన్నెలోంచే నింపి ఇచ్చింది. నీ పాలు నువ్వే మెషీన్‌లో పెట్టుకుని, నా పేరు రాసుకున్నావు.

ఇంకొకటి కూడా రాసేస్తాను, మళ్లీ ధైర్యం రాదు. నువ్వు ఏడేళ్లలో ఒక్కసారి కూడా సిరీన్‌ని ఎత్తుకోలేదు. పండక్కి వస్తే దానికి బట్టలు తెస్తావు, నా చేతికిచ్చేస్తావు. అది పరిగెత్తుకుంటూ వస్తే నువ్వు లేచి నీళ్లు తాగడానికి వెళ్తావు. నీకు యూనెస్ గుర్తొస్తాడని నాకు తెలుసు, అందుకే నేనెప్పుడూ ఏమీ అనలేదు. కానీ నీ పాలతో బతికిన పిల్ల నీ చుట్టూ తిరుగుతుంటే, నువ్వు మొహం తిప్పుకుంటుంటే, వంటింట్లోకి వెళ్లి ఎన్నిసార్లు ఏడ్చానో నీకు తెలియదు. ఇలియాస్ సంగతి వినగానే, నువ్వు అడగకముందే నా పాలు పంపుతానని నేనే అన్నాను కదా. అసహ్యం వేసినదాన్నైతే అలా అంటానా?

ఇప్పుడు నువ్వు నన్ను తిట్టొచ్చు, నాకు నిజంగానే తిట్లు పడాలి. కానీ దొంగపాలు పంపానని మాత్రం అనకు.

నీ చెల్లెలు,
నువారా

*

కాన్‌స్టాంటిన్,
ఆదివారం

నా పిచ్చి చెల్లీ,

రెండు వారాలు జవాబు రాయలేదని బెంగ పెట్టుకుని ఉంటావు. నీ ఉత్తరం చదివి వంటింటి నేల మీద కూలబడిపోయాను. మురాద్ పరిగెత్తుకొచ్చి ఎవరు పోయారు అని అడిగాడు. ఎవరూ పోలేదు అని చెప్పడానికి నాకు పావుగంట పట్టింది.

ముందు నీకు క్షమాపణ. నిన్ను అనరాని మాటలు అన్నాను, కాగితాన్ని నమ్మి తోడబుట్టినదాన్ని నమ్మలేదు. ఆ ఉత్తరం చింపి పారెయ్యి. నీ ఉత్తరం చదివాక కూడా మొదట నమ్మలేదని చెప్తే నవ్వుతావేమో. నమ్మడానికి భయం వేసింది. ఆ చక్కెరని పాలలో కలిపే గుణం ఉందో లేదో ఉమ్మి చూసినా తెలుస్తుంది. మర్నాడు లాబ్‌లో ఎవరూ లేనప్పుడు గొట్టంలో నా ఉమ్మే వేసుకుని పరీక్ష చేశాను. నాకుంది. ఒక కడుపున పుట్టిన ఇద్దరం, నాకుంది, నీకు లేదు. ఆ పాత కాగితం తీసి నీ పేరు కొట్టేసి నా పేరు రాశాను. రాస్తుంటే కళ్లు కనపడలేదు.

తర్వాత నాకు పిచ్చికోపం వచ్చింది నువారా, నీ దగ్గర దాచను. పిండేకొద్దీ పాలు పడతాయని రోజూ పదిమంది తల్లులకి చెప్పేదాన్ని, అంత చిన్న సంగతి నా విషయంలో తట్టలేదు. నేను పైన చచ్చిన బిడ్డ కోసం ఏడుస్తుంటే, కింద నా పాలతో ఇల్లు నడిచింది. నన్ను ఒక్క మాట అడగలేదు. తిన్నగా అమ్మ దగ్గరికి వెళ్లాను. చాప మీద కూర్చుని శనగలు ఏరుకుంటోంది. ఏడేళ్లమ్మా అన్నాను. ఆమెకి అర్థమైపోయింది, నువారా చెప్పిందా అంది. అంతే, మళ్లీ శనగల్లోకి తల దించింది. నా అంత దౌర్భాగ్యురాలు లేదని, నువ్వు తల్లివేనా అని, నోటికొచ్చినదంతా అన్నాను. ఆమె అంతా విని, చేట పక్కన పెట్టి, నా కళ్లలోకి చూసింది.

"ఆ రోజు అడిగితే ఇచ్చేదానివా?" అంది.

ఇచ్చేదాన్నని చెప్పబోయి ఆగాను. అవి యూనెస్ పాలు. వాడి కోసం గాజుపెట్టె పక్కన కూర్చుని తీసినవి, వాడు గొట్టంతో కూడా తాగలేకపోయినవి. నా చెల్లెలి కూతురైనా సరే, నేలపాలైనా పరవాలేదు గానీ ఇంకొకరి నోట్లోకి పోనిచ్చేదాన్ని కాదు. ఇచ్చేదాన్ని కాదమ్మా అన్నాను. అందుకే అడగలేదు అంది అమ్మ. ఆమెని ఇంకా క్షమించలేదు. కానీ ఆ జవాబు విన్నాక నన్ను నేను కూడా క్షమించుకోలేకపోతున్నాను.

మురాద్‌కి ఎలా చెప్పాలో తెలియక భోజనం దగ్గర చెప్పేశాను. రొట్టె తుంచుతున్నవాడు తుంచినట్టే ఆగిపోయాడు. మా అత్తగారే ముందు తేరుకుంది. పాలిచ్చినది తల్లి అయితే ఆమె మొగుడు తండ్రే కదరా, నీకు కూతురుంది అంది కొడుకుతో. మురాద్ నా మీద కోపంగా, "ఏడేళ్ల కూతురుందని పప్పు వడ్డిస్తూ చెప్తావా?" అన్నాడు. ఆ పూట ఇంక అన్నం ముట్టలేదు. సాయంత్రం బజారుకి వెళ్లి ఎర్ర సైకిలు కొనుక్కొచ్చాడు. అది తొక్కడానికి పిల్ల కాళ్లు అందుతాయో లేదో కూడా మాకు తెలియదు, ఎప్పుడైనా సరిగ్గా చూస్తే కదా.

సెలవులకి సిరీన్‌ని అమ్మతో పంపావు కదా, చెప్పాల్సింది నువ్వే చెప్పు అక్కా అని కబురు పెట్టి. నాలుగు రోజులు చెప్పలేకపోయాను. దానికి ఇష్టమని తేనె గారెలు చేశాను, జడలు వేశాను, బొమ్మలు కొన్నాను. అది అన్నిటికీ బుద్ధిగా థాంక్స్ చెప్పి నాకు అడుగు దూరంలో నిలబడేది. పరాయి ఇంట్లో పిల్లలు నిలబడతారే, అలా. ఆ దూరం నేను నేర్పిందే అని నాకు తెలుస్తూనే ఉంది.

నిన్న పొద్దున ఇలియాస్‌కి నీ పాలు పడుతున్నాను. అది పక్కన నిలబడి, వీడు తాగేది మా అమ్మ పాలేనా అని అడిగింది. అవునన్నాను. మళ్లీ అడగనీకుండా గబగబా చెప్పేశాను. నువ్వు చిన్నప్పుడు మీ అమ్మకి జ్వరం వచ్చింది, అప్పుడు నువ్వు నా పాలు తాగావు, అందుకని నేను కూడా నీకు అమ్మనే అన్నాను. ఇలియాస్ దొడ్డి మీద గంటసేపు ఉపన్యాసం ఇవ్వగలదాన్ని, ఈ నాలుగు ముక్కలకి నాలుక ఎండిపోయింది.

అది సంతోషిస్తుందనుకున్నాను. బిత్తరపోయి చూసింది. "మరి నేనంటే నీకెందుకు ఇష్టం లేదు?" అంది.

ఇష్టం లేకపోవడం కాదు తల్లీ, నాకో బాబు ఉండేవాడు, పోయాడు, నిన్ను చూస్తే వాడు గుర్తొచ్చి ఏడుపొచ్చేది అన్నాను. అది గొంతు తగ్గించి అడిగింది: "వాడి పాలన్నీ నేను తాగేశాననా?"

సీసాతో సహా ఇలియాస్‌ని పక్కన పడుకోబెట్టాను. ఏడేళ్ల పిల్ల అలా అనుకోగలదని నా ఊహకి కూడా అందలేదు. దాన్ని దగ్గరికి లాక్కున్నాను. కాదమ్మా, వాడికి తాగే బలం లేదు, నీకుంది, నువ్వు తాగావు, చాలా మంచి పని చేశావు అన్నాను. ఒకసారి కాదు, ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. అది నమ్మేదాకా అన్నాను. తర్వాత తనంతట తనే నా ఒళ్లోకి ఎక్కింది. మరీ పెద్దదైపోయింది నువారా, కూర్చుంటే కాళ్లు నేలకి తగులుతున్నాయి. బరువుకి మోకాలు తిమ్మిరెక్కినా దింపలేదు.

నీ అక్క,
జులీఖా